క్రోమా, ఫైర్‌ఫాక్సా, ఎడ్జా? పాలకొల్లు నెట్ సెంటర్ నుంచి ఒక సలహా

మొన్న ఒక రొయ్యల రైతు మా నెట్ సెంటర్‌కు వచ్చి ఫోను బల్ల మీద పెట్టారు. "బాబూ, దీనికి వైరస్ పట్టింది, చూడు" అన్నారు. తెర మీద నిమిషానికొక హెచ్చరిక. మీ ఫోను పాడైపోయింది, వెంటనే నొక్కండి. మీకు బహుమతి వచ్చింది, వెంటనే నొక్కండి. ఎప్పుడో రొయ్యల కౌంటు రేట్లు చూసుకోవడానికి ఏదో సైటు తెరిచారట. అది "అనుమతించు" అని అడిగితే, నొక్కకపోతే రేట్లు కనిపించవేమో అనుకుని నొక్కేశారు. తర్వాత అలాంటివి ఇంకొన్ని.

వైరస్ లేదు, ఏమీ లేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్ తెరిచి, అందులో నోటిఫికేషన్ల జాబితాలోకి వెళ్లాను. పద్నాలుగు సైట్లకు అనుమతి ఉంది. ఒక్కొక్కటీ తీసేశాను. ఫోను నోరు మూసుకుంది. ఆయన ఫోను జేబులో పెట్టుకుంటూ, "మరి ఇలాంటి తలనొప్పి లేని బ్రౌజరు ఏదో చెప్పు, అదే వేసుకుంటాను" అన్నారు.

రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

మీకు ఓపిక లేకపోతే నా తీర్పు ఇది. కంప్యూటర్లో ఒక్కటి కాదు, రెండు పెట్టుకోండి. దరఖాస్తులకు, బ్యాంకు పనికి, ప్రభుత్వ సైట్లకు క్రోమ్ లేదా ఎడ్జ్. మిగతా చదువుకూ తిరుగుడుకూ ఫైర్‌ఫాక్స్. ఫోనులో తిరుగుడుకు ఫైర్‌ఫాక్స్ గానీ బ్రేవ్ గానీ చాలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిదికి ఈ తీర్పు నచ్చదు. "క్రోమ్ ఉండగా రెండోది ఎందుకు బావా?" అని ప్రతి సంక్రాంతికీ మొదలుపెడతాడు. అరిసెలు అయిపోయేదాకా ఆ వాదన సాగుతూనే ఉంటుంది. కాబట్టి అతని మాటలు కూడా ఇందులో వస్తాయి.

వేగం సంగతి

అతని మొదటి అస్త్రం వేగం. ఏదో పరీక్ష పేజీ తెరిచి, క్రోమ్‌కు ఇన్ని మార్కులు, ఫైర్‌ఫాక్స్‌కు ఇన్ని అని చూపిస్తాడు. అబద్ధం కాదు. కానీ పాలకొల్లు నుంచి నరసాపురం కారులో వెళ్లినా మోపెడ్ మీద వెళ్లినా రైల్వే గేటు పడిందంటే ఇద్దరూ పక్కపక్కనే నిలబడాలి. తత్కాల్ టికెట్లు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు తెరుచుకుంటాయి. ఆ నిమిషంలో దేశమంతా ఒకే గేటు దగ్గర ఉంటుంది. నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకడానికి మీ బ్రౌజరు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ప్రయాణికుల వివరాలు ముందే భద్రపరుచుకోవడం, లాగిన్ ముందే చూసుకోవడం వల్ల కలిసివచ్చే సమయం బ్రౌజరు మార్చితే రాదు.

మా సెంటర్‌లో ఆరు కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో నాలుగింటికి 4 జీబీ ర్యామే. అక్కడ నెమ్మదికి కారణం చాలాసార్లు బ్రౌజరు కాదు, పేజీలోని ప్రకటనలు. తెలుగు వార్తల సైటు ఒకటి తెరిచి చూడండి. పైనుంచి ఒక వీడియో దిగుతుంది, కింద ఒక పట్టీ లేస్తుంది, మధ్యలో వార్త రెండు వాక్యాలు కనిపించి మళ్లీ కిందికి జారిపోతుంది. అదే పేజీని యాడ్ బ్లాకర్ ఉన్న బ్రౌజరులో తెరిస్తే పాత కంప్యూటరు కూడా కొత్తదానిలా పరుగెత్తుతుంది. అందుకే, వేగం కావాలంటే ప్రకటనలను ఏ బ్రౌజరు బాగా ఆపుతుందని అడగండి. ఇంకా డబ్బు ఉంటే పాత హార్డ్ డిస్కు బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ ఒకటి వేయించండి.

ఒకే ఆనకట్ట, చాలా కాలువలు

ప్రతి బ్రౌజరు లోపలా ఒక ఇంజను ఉంటుంది. పేజీ రాతను చదివి తెర మీద గీసేది అదే. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి, సామ్‌సంగ్ ఫోనుతో వచ్చే బ్రౌజరు, వీటన్నిటికీ పునాది క్రోమియం. దాన్ని ప్రధానంగా నడిపించేది గూగుల్. ధవళేశ్వరం దగ్గర ఒక ఆనకట్ట, అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు. మీరు ఏ గట్టున కూర్చున్నా నీళ్లు వచ్చేది ఒక్క చోటు నుంచే. పైన గేట్లు దించితే అమలాపురంలోనూ తెలుస్తుంది, భీమవరంలోనూ తెలుస్తుంది. ఒపెరా 2013లో, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020 జనవరిలో తమ సొంత ఇంజన్లు వదిలేసి ఈ నీళ్లకే వచ్చేశాయి.

ఆపిల్ సఫారిని పక్కన పెడితే, వేరే నీళ్లున్నది ఫైర్‌ఫాక్స్ ఒక్కదానికే. దాని ఇంజను పేరు గెకో. 1.0 వెర్షను 2004 నవంబరులో వచ్చింది, అంటే క్రోమ్ కంటే నాలుగేళ్ల ముందు. అది ఊరి మంచినీళ్ల చెరువు లాంటిదని నేనన్నాను. మా బావమరిది వెంటనే పట్టుకున్నాడు. "ఆ చెరువును దేనితో నింపుతారు బావా? వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఆ కాలువ నీళ్లతోనే కదా!"

దెబ్బ తగిలింది. ఎందుకంటే నిజం. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా ఆదాయంలో పెద్ద భాగం గూగుల్ ఇచ్చేదే. వెతికే పెట్టెలో గూగుల్‌ను ముందు ఉంచినందుకు ఇచ్చే డబ్బు అది. కాకపోతే, కాలువలు కట్టేసిన నెలలో ఊరంతా బిందెలు పట్టుకుని వెళ్లేది ఆ చెరువు గట్టుకే.

కాలువ కట్టేసిన నెల నిజంగానే వచ్చింది. ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజరుకు తగిలించుకునే చిన్న చిన్న ప్రోగ్రాములు, పనిచేసే పద్ధతిని గూగుల్ మార్చింది. కొత్త పద్ధతి పేరు మానిఫెస్ట్ వీ3. యూబ్లాక్ ఆరిజిన్ అనే ప్రసిద్ధ యాడ్ బ్లాకర్‌కు ఆ పద్ధతిలో చేతులు కట్టేసినట్లయింది. 2024లో క్రోమ్ దాన్ని ఆపడం మొదలుపెట్టి 2025లో పూర్తిగా ఆపేసింది. దాని బదులు లైట్ అనే తేలికపాటి రూపం ఉంది. చాలా సైట్లకు అదీ సరిపోతుంది. మొండి ప్రకటనల దగ్గర మాత్రం తేడా కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం పాత యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి బలంతో ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ కూడా ఎక్స్‌టెన్షన్లకు తలుపులు బార్లా తెరిచింది. ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్‌కు ఆ సౌకర్యమే లేదు.

మరి క్రోమ్‌తో పని ఏమిటి?

పని ఉంది, చాలా ఉంది. ప్రపంచంలో ఇంటర్నెట్ వాడకంలో సుమారు మూడింట రెండు వంతులు క్రోమ్‌లోనే జరుగుతుంది. కాబట్టి సైటు కట్టేవాడు ముందు క్రోమ్‌లో చూస్తాడు. కొందరు అందులోనే చూసి ఇంటికి వెళ్లిపోతారు. ఒక వేసవిలో ఇంజనీరింగ్ ప్రవేశాల వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు. ఒక అమ్మాయి, వాళ్ల నాన్న వచ్చారు. అరవై కాలేజీలను వరుసలో పెట్టి, భద్రపరిచే బటన్ నొక్కింది. ఫైర్‌ఫాక్స్‌లో ఆ బటన్ ఉలకలేదు, పలకలేదు. తండ్రి ముఖం చూడలేకపోయాను. అదే లాగిన్‌తో క్రోమ్‌లో మొదటి నుంచి మళ్లీ పెట్టాం. ఒక్క నొక్కుతో అయిపోయింది. తప్పు ఆ సైటుదే. అయినా గడువు సాయంత్రానికి ముగిసిపోతుంటే తప్పు ఎవరిదన్న న్యాయం ఎవరికి కావాలి? ఆ రోజు నుంచి దరఖాస్తుల పనికి మా సెంటర్‌లో క్రోమే.

తెలుగు అనువాదం కూడా క్రోమ్‌కు ఒక బలం. ఇంగ్లీషు నోటిఫికేషన్ పేజీని తెలుగులోకి మార్చి చూపిస్తుంది. మార్చడం కోసం ఆ పేజీలోని రాత గూగుల్ సర్వర్లకు వెళ్తుందని గుర్తుంచుకుంటే చాలు. ఫైర్‌ఫాక్స్ అనువాదం మన కంప్యూటర్లోనే జరుగుతుంది, బయటికి పోదు.

బలహీనత అందరికీ తెలిసిందే. ప్రకటనల మీద బతికే సంస్థ తయారుచేసిన బ్రౌజరు అది. ఇతర సైట్ల ట్రాకింగ్ కుకీలను (మనం ఎక్కడెక్కడ తిరిగామో గుర్తుపట్టడానికి బ్రౌజరులో పెట్టే చిన్న గుర్తులు) పూర్తిగా తీసేస్తామని ఏళ్ల తరబడి చెప్పి, 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచే ఏ సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే బంధించి ఉంచుతోంది.

క్రోమ్‌లోని ప్రైవేటు కిటికీ, ఇన్‌కాగ్నిటో గురించి ఒక మాట చెప్పాలి. ఆ టోపీ, కళ్లజోడు బొమ్మ చూసి తాము మాయమైపోయామని అనుకునే కుర్రాళ్లు చాలామంది వస్తారు. అది మాయం చేసేది ఆ కంప్యూటర్లో మిగిలే చరిత్రను మాత్రమే. నెట్ ఇచ్చే సంస్థకూ, తెరిచిన సైటుకూ అంతా తెలుస్తూనే ఉంటుంది. ఇన్‌కాగ్నిటోలో తిరిగినవాళ్ల సమాచారంపై అమెరికాలో వేసిన దావాలో 2024లో గూగుల్ రాజీపడి, వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి ఒప్పుకుంది. ఏ బ్రౌజరు ప్రైవేటు కిటికీ అయినా ఇంతే. నెట్ సెంటర్‌లో కూర్చున్నప్పుడు మాత్రం అది తప్పక వాడండి. రోజూ రాత్రి షట్టరు దించే ముందు ఎవరో ఒకరి జీమెయిల్ తెరిచే ఉంటుంది. నేను కళ్లు మూసుకుని మూసేస్తుంటాను.

ఎడ్జ్, మా నాన్నగారు

ఎడ్జ్‌ను నేను చాలాకాలం చులకనగా చూశాను. కొత్త కంప్యూటర్లో క్రోమ్ దించుకోవడానికి మాత్రమే పనికొచ్చేదని అందరూ వేసే జోకు నేనూ వేసేవాణ్ణి. మా నాన్నగారికి కంటి శుక్లం ఆపరేషన్ అయిన నెలలో నా అభిప్రాయం మారింది.

ఆయనకు పేపరు చదవకుండా కాఫీ దిగదు. డాక్టరు తెర చూడవద్దన్నారు. ఎడ్జ్‌లో పేజీ మీద కుడి నొక్కు నొక్కి "బిగ్గరగా చదువు" అన్నది ఎంచుకుంటే పేజీని చదివి వినిపిస్తుంది. అందులో తెలుగు గొంతులు రెండు ఉన్నాయి, శ్రుతి ఒకటి, మోహన్ ఒకటి. యంత్రం చదువుతున్నట్లు ఉండదు, ఆకాశవాణి వార్తలకు దగ్గరగా ఉంటుంది. నాన్నగారు వాలుకుర్చీలో కళ్లు మూసుకుని సంపాదకీయం మొత్తం విన్నారు. సంక్షిప్త అక్షరాలు వచ్చినచోట గొంతు తడబడితే, "అది మండల పరిషత్తు అమ్మా" అని శ్రుతిని సరిదిద్దారు. ఈ సహజమైన గొంతులకు నెట్ ఉండాలి, కరెంటు పోయి రౌటరు ఆగితే అవీ ఆగుతాయి. ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్లు ఉంటే, నన్నడిగితే, మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి ఎడ్జ్ పెట్టండి.

రెండో ఉపయోగం కాంట్రాక్టర్లకు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న ఆపేసింది. కానీ దాని కాలంలో కట్టిన పాత సైట్లు ఇంకా అక్కడక్కడా ఊపిరితో ఉన్నాయి. డీఎస్సీ పెట్టి సంతకం చేయమంటాయి (డీఎస్సీ అంటే టీచరు పరీక్ష కాదు, డిజిటల్ సంతకం ఉండే చిన్న పెన్‌డ్రైవ్). అలాంటివాటికి ఎడ్జ్‌లో ఐఈ మోడ్ (పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా నడిచే ఏర్పాటు) ఉంది. కనీసం 2029 దాకా ఉంచుతామన్నారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినా, ఎడ్జ్‌కు మాత్రం అందులో కనీసం 2028 అక్టోబరు దాకా అప్‌డేట్లు వస్తాయి.

విసుగు పుట్టించేది దాని బతిమాలుడు. క్రోమ్ దించుకోబోతే అడ్డం వస్తుంది. కొత్త ట్యాబు తెరిస్తే సినిమా తారల వార్తలు కుమ్మరిస్తుంది. మొదటి రోజే ఆ వార్తల పేజీని సెట్టింగ్స్‌లో కట్టేయండి, తర్వాత మర్యాదగానే ఉంటుంది.

బ్రేవ్, ఫైర్‌ఫాక్స్‌ల మీద నా ఫిర్యాదులు

బ్రేవ్‌ను స్థాపించినవారిలో ఒకరు బ్రెండన్ ఐక్. జావాస్క్రిప్ట్ భాషను తయారుచేసింది ఆయనే, మొజిల్లాలో పనిచేసిందీ ఆయనే. ఇందులో యాడ్ బ్లాకర్ ఎక్స్‌టెన్షన్‌గా కాక బ్రౌజరులోనే కలిసి ఉంటుంది. అందువల్ల వీ3 గొడవ దాన్ని తాకలేదు. ఏమీ తెలియనివాళ్ల ఫోనులో ఒకసారి వేసి ఇస్తే చాలు, మళ్లీ సెట్టింగ్స్ ముట్టుకునే పని లేదు. రొయ్యల రైతుగారికి చివరికి నేను వేసి ఇచ్చింది ఇదే. నోటిఫికేషన్ల అనుమతి అడగడం కూడా సెట్టింగ్స్‌లో ఆపేసి ఇచ్చాను. (ఆ పని ఏ బ్రౌజరులోనైనా చేయవచ్చు, చేయాలి.) ఏదైనా సైటు సరిగా తెరుచుకోకపోతే సింహం బొమ్మ నొక్కి ఆ సైటుకు కాపలా తీసేయమని చెప్పాను. అయితే నన్ను వెనక్కి లాగేది ఒకటుంది. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల చిరునామా టైపు చేస్తుంటే తమకు కమిషన్ వచ్చే లింకును బ్రేవ్ తానే పూర్తిచేస్తోందని బయటపడింది. ఐక్ క్షమాపణ చెప్పి సరిచేశారు. ఇప్పటికీ అందులో క్రిప్టో వాలెట్ గుండీ ఒకటి కనిపిస్తూ ఉంటుంది. దాన్ని దాచేయండి.

ఫైర్‌ఫాక్స్ నాకు ఇష్టమైనది కాబట్టి దాని తప్పులు ఎక్కువ తెలుసు. తక్కువ ధర ఫోన్లలో నెమ్మదిగా కదులుతుంది. 2025 ఫిబ్రవరిలో వాడుక నిబంధనలు కొత్తగా రాసి, మనం టైపు చేసేదంతా తమదే అన్నట్లు అర్థమయ్యే వాక్యం పెట్టారు. గొడవ అయ్యాక తిరగరాశారు. గోప్యత పేరు చెప్పి పేరు తెచ్చుకున్నవాళ్లకు ఆ తెలివి ముందే ఉండాల్సింది.

అయినా దాన్ని వదలకపోవడానికి ఒక చిన్న కారణం ఉంది, తెలుగు చదివేవాళ్లకే తెలిసే కారణం. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో అక్షరాల దగ్గర "అడ్వాన్స్‌డ్" నొక్కితే, ఏ లిపికి ఏ ఫాంటు అని విడివిడిగా అడుగుతుంది. ఆ జాబితాలో తెలుగు ఉంది. నేను మండలి ఫాంటు ఎంచుకుని కనీస పరిమాణం పెంచాను. సొంత ఫాంటు పెట్టుకోని సైట్లన్నీ అప్పటి నుంచి అచ్చు పుస్తకంలా కనిపిస్తాయి. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి పదాల్లో వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోవు. క్రోమ్ సెట్టింగ్స్‌లో లిపికొక ఫాంటు పెట్టుకునే వీలు లేదు, దానికి వేరే ఎక్స్‌టెన్షన్ కావాలి. మా బావమరిది దీనికి నవ్వాడు. అతను తెలుగు చదివేది పెళ్లి శుభలేఖల్లోనే.

పాత విండోస్ 7 కంప్యూటరు ఇంకా నడుస్తూ ఉంటే అదీ ఫైర్‌ఫాక్స్ మాటే. క్రోమ్ 2023 మొదట్లో 109వ వెర్షనుతో దానికి సెలవు చెప్పింది. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్‌కు (ఎక్కువ కాలం మద్దతు ఇచ్చే రూపం) భద్రతా సవరణల గడువును మాత్రం పదే పదే పొడిగిస్తూ వచ్చారు. అలాగని అందులో బ్యాంకు పని చేయకండి. విండోసే పాతబడిపోయాక పైన ఏ బ్రౌజరు ఉన్నా అంతంతమాత్రమే.

ఫోన్లలో మిగిలినవి

ఒపెరా మినీ అంటే నా వయసువాళ్లకు ఒక మెత్తని జ్ఞాపకం. నోకియా బటన్ ఫోనులో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. చిరునామా దగ్గర "ఒపెరా:కాన్ఫిగ్" అని కొట్టి, అట్టడుగున ఉన్న బిట్‌మ్యాప్ ఫాంట్ల ప్రశ్నకు "అవును" అని పెట్టగానే తెలుగు అక్షరాలు బొమ్మలుగా వచ్చేవి. ఆ కిటుకు తెలిసినవాడు కాలేజీలో హీరో. పేజీని తమ సర్వరులో కుదించి పంపడం దాని పద్ధతి. తుఫాను రోజుల్లో టవర్లు సగం పనిచేస్తూ సిగ్నల్ ఒక గీత మీద ఊగుతున్నప్పుడు ఇప్పటికీ అది అక్కరకొస్తుంది. వాతావరణ వార్త చదవడానికి వాడండి. పేజీ వేరేవాళ్ల సర్వరు మీదుగా వస్తుంది కాబట్టి బ్యాంకు పాస్‌వర్డు అందులో కొట్టకండి. క్రోమ్‌లోనూ ఇలాంటి డేటా పొదుపు ఏర్పాటు ఉండేది, 2022లో తీసేశారు.

సామ్‌సంగ్ ఫోనుతో వచ్చే బ్రౌజరు అనుకున్నంత చెడ్డది కాదు. ప్రకటనలు ఆపే యాప్‌ను జతచేసుకోవచ్చు. యూసీ బ్రౌజరును 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో చేర్చారు. ఎవరో పంపిన ఫైలుతో ఇప్పటికీ దాన్ని వేసుకుని వచ్చేవాళ్లు ఉన్నారు, వెంటనే తీసేయించుకోండి. కువైట్ నుంచి వచ్చిన మేనల్లుడు తెచ్చిన ఐఫోనులో మన దగ్గర ఏ బ్రౌజరు వేసినా లోపల ఉండేది సఫారి ఇంజనే. అక్కడ క్రోమా, ఫైర్‌ఫాక్సా అన్నది చొక్కా రంగు గురించిన వాదన.

మారేటప్పుడు ఒక జాగ్రత్త

పాత బ్రౌజరులోని బుక్‌మార్కులు, పాస్‌వర్డులు కొత్తదానిలోకి తెచ్చుకోవడం కష్టం కాదు. కొత్తదాని సెట్టింగ్స్‌లో దిగుమతి అన్నచోట పాతదాని పేరు ఎంచుకుంటే చాలావరకు అదే లాక్కుంటుంది. ఒక్కోసారి పాస్‌వర్డులు అలా రావు. అప్పుడు పాత బ్రౌజరు నుంచి సీఎస్‌వీ అనే మామూలు పట్టిక ఫైలుగా దించుకుని కొత్తదానికి ఇవ్వాలి. ఆ ఫైలులో మీ పాస్‌వర్డులన్నీ తాళం లేకుండా, ఎవరు తెరిచినా చదవగలిగేలా ఉంటాయి. పోయిన నెల ఒకాయన మా మూడో నంబరు కంప్యూటర్లో ఆ పని చేసుకుని, ఫైలును డెస్క్‌టాప్ మీద వదిలేసి వెళ్లిపోయారు. మధ్యాహ్నం వరకు నేనూ చూడలేదు. దిగుమతి పూర్తికాగానే దాన్ని తొలగించండి, రీసైకిల్ బిన్‌లో నుంచి కూడా.